ఎనిమిది నొక్కిన చెయ్యి

"ఇది మూడో నెల," అంది ఒరతై. ఫోన్ బిల్లు కాగితాన్ని బల్ల మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక బాతుగుడ్డు పెట్టింది. "చూడన్నయ్యా. జాతక సందేశాలకి డబ్బులట! కొట్టు ఫోన్‌కి జాతకం ఎందుకు? కొట్టుకి గానీ పెళ్లి చేస్తున్నామా?"

అన్న థవత్ కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో ఖాళీ పళ్లేలకు నూనె రాస్తున్నాడు. పోయిన వారం పొయ్యిలోంచి తీస్తున్న పళ్లెం జారి ముంజేయి కాలినప్పటి నుంచీ అతనికి మాటలు తగ్గిపోయాయి.

బుప్ఫా గుమ్మం దగ్గరే నిలబడింది. వంటింట్లోకి అడుగుపెట్టలేదు. అత్తగారు పొయ్యి దగ్గరికి రావద్దన్నాక ఆ గుమ్మమే ఆమె చోటు అయింది.

"నేను అందులో చేరలేదు ఒరతై," అంది.

"ఎవరూ చేరకపోతే వాటంతటవే వస్తాయా వదినా? ఆ ఫోన్ పగలంతా ఎవరి దగ్గర ఉంటుంది? మిఠాయి కొట్టులో కూర్చునేది ఎవరు? హువాహిన్‌లో హోటల్లో పనిచేసే నేనా?" ఒరతై గొంతు తగ్గించింది. తగ్గించినా అందరికీ వినిపించేటట్టే. "మీ అమ్మగారు ఊళ్లో పూనకాలొచ్చి సోదె చెబుతుందటగా. ఈసాన్ పిల్లలకి ఈ పిచ్చి పాలతోనే వస్తుందంటారు."

"మా అమ్మ సంగతి ఇక్కడెందుకు?"

"ఎందుకేమిటి, పాలు ఎక్కడివో తెలియాలిగా!"

పొయ్యి దగ్గర అత్తగారు ప్రానోమ్ వెనక్కి తిరగలేదు. తాటిబెల్లం, కొబ్బరిపాలు, గుడ్లు కలిపిన మిశ్రమాన్ని పళ్లేల్లోకి పోస్తోంది. పెచ్చబురి ఊళ్లో ఆమె చేసే ఈ మోకేంగ్ మిఠాయి తినని ఇల్లు లేదు. పైన వేయించిన ఉల్లిపాయలు చల్లేటప్పుడు ఆమె వేళ్లు ఎప్పుడూ వణకవు. ఈ పూట ఉల్లిపాయలు పళ్లెం అంచు దాటి బల్ల మీద పడ్డాయి. బుప్ఫా అది చూసింది.

"పోనీయవే," అంది ప్రానోమ్. "ఏదో పొరపాటు. నేను కట్టేస్తాను. పొద్దున్నే ఈ గోలేమిటి?"

"నువ్వు వెనకేసుకురాకమ్మా! నీ మంచితనమే ఇంతదాకా తెచ్చింది."

ఈ మాట బుప్ఫాకి వింతగా తోచింది. వెనకేసుకు రావడమా? ఈ మనిషేనా తనను? పోయిన వారం థవత్ చేతికి కలబంద రాస్తూ, తన వైపు చూడకుండానే, "వర్షాలు తగ్గాక నువ్వు మీ ఊరెళ్లి కొన్నాళ్లు ఉండిరా," అన్న మనిషి. ఎన్నాళ్లని అడిగితే జవాబివ్వని మనిషి. అలాంటి మనిషి ఇవాళ పోనీయమంటోంది. తప్పు అంటగట్టడానికి ఇంత మంచి అవకాశం చేతికొస్తే వదులుకుంటోంది.

"వద్దత్తయ్యా," అంది బుప్ఫా. "కట్టొద్దు. నేను వెళ్లి అడుగుతాను. ఎవరు చేరారో కంపెనీవాళ్లకి తెలుస్తుందట. నేనే అని తేలితే ఇవాళే బస్సెక్కుతాను. మీరు వర్షాలు తగ్గేదాకా ఆగక్కర్లేదు."

ఒరతై బిల్లు మీది గుడ్డు తీసి, కాగితాన్ని ఆమె వైపు జరిపింది.

"కాదని తేలితే," అంది బుప్ఫా, "రేపటి నుంచి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడతాను. నన్నిక ఎక్కడికీ పంపకూడదు."

థవత్ మొదటిసారి తలెత్తి భార్యను చూశాడు. పెళ్లయి ఇన్నాళ్లలో ఆమె షరతు పెట్టడం అతను వినలేదు.

"న్యాయంగానే ఉందమ్మా," అన్నాడు. "నంబరు నీ పేరు మీద ఉంది. నీ గుర్తింపు కార్డు కావాలి. ఇచ్చెయ్."

"నలుగురి ముందు మన ఇంటి సంగతులు ఏకరువు పెట్టుకోవాలా?"

"ఇచ్చెయ్యమ్మా."

ప్రానోమ్ గరిట కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. కార్డు ఆమె నడుముకున్న గుడ్డసంచిలోనే ఉంది. తీసి కోడలి చేతిలో పెట్టేటప్పుడు దాన్ని ఒక పట్టాన వదల్లేదు. ఇద్దరి వేళ్లూ ఆ కార్డు మీద ఒక క్షణం బిగుసుకున్నాయి.

"ఫోన్ కూడా పట్టుకెళ్తావా?" అంది.

"పట్టుకెళ్లాలి కదత్తయ్యా."

"సాయంత్రానికల్లా తెచ్చెయ్," అంది ప్రానోమ్. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. ఏమిటో బుప్ఫాకి వెంటనే అందలేదు.

*

ఫోన్ కంపెనీవాళ్ల ఆఫీసులో జనం బాగానే ఉన్నారు. ఒరతై పట్టుబట్టి వెంట వచ్చింది. "నువ్వొక్కదానివే వెళ్తే, వచ్చి ఏం చెబుతావో ఎవరు చూడొచ్చారు!" అని. చల్లని గదిలో ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో, మధ్యలో ఒక సంచి పెట్టుకుని కూర్చున్నారు.

వరస ఇంకా రాలేదు. బుప్ఫా చేతిలో ఫోన్ టింగుమంది.

మామూలుగా పొద్దుటి పూట ఫోన్ అత్తగారి దగ్గరే ఉంటుంది. చీకటి పడే వేళ కూడా అంతే. ఆర్డర్లు తనే రాసుకుంటానంటుంది. ఆ రెండు వేళల్లో ఫోన్ ముట్టుకోవడం బుప్ఫాకి ఇదే మొదటిసారి.

సందేశం చిన్నదే. *మీకు గ్రహం బాగాలేదు. ఈశాన్య దిక్కు నుంచి మీ ఇంటికి వచ్చినది మీకు అచ్చిరాదు. దూరంగా ఉంచండి.*

బుప్ఫా రెండోసారి చదివింది. ఈసాన్ అంటే దేశంలో ఆ దిక్కున ఉన్న ప్రాంతమే. తనది అక్కడ ఉబోన్ దగ్గర పల్లె.

"ఏమిటది?" అంది ఒరతై వంగి.

"జాతకమే. మళ్లీ వచ్చింది."

"చూశావా, నిన్ను వదిలి ఉండలేకపోతోంది!"

బుప్ఫా నవ్వలేదు. ఆమెకు వేరే మాటలు వినిపిస్తున్నాయి. ఒకరోజు అత్తగారు ఉన్నట్టుండి వచ్చి ఆమె చేతిలో గరిట లాక్కుంది. 'ఎడంచేత్తో కలిపింది వాడికి పెట్టకు.' తనది పుట్టినప్పటి నుంచీ ఎడమచేతి వాటమే. ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆ చేత్తోనే కలిపింది, ఎవరూ ఏమీ అనలేదు. ఇంకోరోజు, 'ఎర్రరంగు కట్టుకుని వాడి ఎదురు రాకు.' ఇంకోరోజు, 'ఇవాళ వాడి మంచం గుమ్మానికి దూరంగా జరుపు.' ప్రతిసారీ ఏదో చదివి వచ్చినట్టు, ముందూ వెనకా లేకుండా ఒక మాట. ప్రతిసారీ ఆ మాటలో 'వాడు'.

ఆమె నంబరు పిలిచారు.

కౌంటర్ దగ్గరి అమ్మాయి చిన్నది. కార్డు చూసింది, బిల్లు చూసింది. "ఇది మా కంపెనీది కాదక్కా. బయటి కంపెనీవాళ్లది. వాళ్ల డబ్బు మా బిల్లులో కలిపి వసూలు చేసి వాళ్లకి ఇస్తాం, అంతే."

"అంటే జేబు వాడు కొడితే సంచి మీరు పడతారన్నమాట," అంది ఒరతై.

ఆ అమ్మాయి కళ్లెత్తలేదు. రోజూ వినే మాటే కాబోలు. "ఎవరో చేరితేనే వస్తాయక్కా. ఈ ఫోన్ నుంచే వాళ్లకి కాల్ వెళ్లింది. కావాలంటే ఆ గొంతు వినండి." తన ముందున్న ఫోన్‌లో ఏదో నొక్కి, గొంతు పైకి వినిపించేలా పెట్టింది.

తేనె పూసినట్టున్న ఆడగొంతు. *మీ పుట్టినవారం చెప్పండి. ఆదివారమైతే ఒకటి నొక్కండి. సోమవారమైతే రెండు.* ఒక్కొక్క వారమే వస్తోంది. బుధవారం పగలు నాలుగు. శనివారం ఏడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి: *బుధవారం రాత్రి, రాహువు నీడలో పుట్టినవారు ఎనిమిది.*

"మీ ఫోన్‌లో ఎనిమిది నొక్కినట్టు ఇక్కడ ఉంది," అంది కౌంటర్ అమ్మాయి.

"పొరపాటున నొక్కి ఉండొచ్చు కదా?" అంది బుప్ఫా.

"నొక్కాక మళ్లీ అడుగుతుందక్కా, బుధవారం రాత్రే కదా అని. అవునంటే మళ్లీ ఎనిమిది నొక్కాలి. నొక్కారు."

ఒరతై చేతివేళ్లు ముడుస్తోంది. "అమ్మ ఆదివారం. అన్నయ్య శనివారం. నేను శుక్రవారం. నాన్న, పైలోకంలో ఉన్నాడు గానీ, గురువారం. వదిన..."

"మంగళవారం," అంది బుప్ఫా.

"అవును, మంగళవారం. పెళ్లికి ముందు అమ్మ అడిగింది, నాకు గుర్తుంది." ఒరతై చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "మా ఇంట్లో బుధవారం రాత్రి పుట్టినవాళ్లే లేరు."

ఆ మాట వినగానే బుప్ఫాకి గుండె తేలికైంది. తను కాదు. పేరు పెట్టి చెప్పకపోయినా తను కాదని తేలింది. పొయ్యి దగ్గర వేడి, వేగిన ఉల్లిపాయల వాసన, థవత్ పక్కన నిలబడి పళ్లేలు అందించడం, అన్నీ తనకి తిరిగి వచ్చేసినట్టే.

అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది.

గుడిలో వారానికొక బుద్ధుడు చొప్పున వరసగా ఉంటారు. ఎవరి వారం బుద్ధుడి ముందు వాళ్లు పూలు పెడతారు. థవత్ పడగ నీడన కూర్చున్న శనివారం బుద్ధుడి దగ్గర పెడతాడు. అత్తగారు తన ఆదివారం బుద్ధుడి ముందు చటుక్కున దణ్ణం పెట్టేసి, ఏనుగూ కోతీ కానుకలు తెచ్చి ఇస్తున్న బుద్ధుడి ముందు చాలాసేపు నిలబడుతుంది. పెదవులు కదుపుతుంది. అది బుధవారం రాత్రివాళ్ల బుద్ధుడు. జంతువులంటే అత్తగారికి ఇష్టం కాబోలు అనుకుంది బుప్ఫా ఇన్నాళ్లూ.

"డబ్బు వెనక్కి కావాలంటే," అంటోంది కౌంటర్ అమ్మాయి, "ఇంట్లో ఎవరూ చేరలేదని ఇక్కడ సంతకం పెట్టండి. వాళ్లు విచారిస్తారు. మీ మాట నిజం కాదని తేలితే మాత్రం చిక్కు. నంబరు కూడా ఆపేయవచ్చు."

బుప్ఫా కలం తీసుకుంది. ఎడమచేత్తో. కాగితం దాకా తీసుకెళ్లి, ఆపేసింది. కలం కింద పెట్టింది.

"ఆపేయండి చాలు," అంది. "డబ్బు అక్కర్లేదు."

"ఆపేశానక్కా. ఈ సాయంత్రం ఇంకోటి వస్తుంది. అదే ఆఖరు."

"అక్కర్లేదా?" ఒరతై కుర్చీలోంచి లేచింది. "పొద్దున అంత రోషంగా మాట్లాడి ఇప్పుడు సంతకం ఎందుకు పెట్టవు?"

"తెలియని దానికి ఎలా పెట్టను?"

"తెలియకా వదినా, తెలిసా?"

*

తిరుగు బండిలో ఒరతై చాలాసేపు బయటికే చూసింది. వంతెన కింద నది ఎర్రగా, ఒడ్డు మెట్లు మింగి పారుతోంది. వంతెన దాటాక ఒక్కసారి ఇటు తిరిగింది.

"ఎవడు వాడు?"

"ఎవరు?"

"బుధవారం రాత్రి పుట్టినవాడు. ఆడది తన జాతకం చూసుకోవడం నేనూ ఎరుగుదును. ఇంకొకడి జాతకం రోజూ రెండు పూటలా చూస్తోందంటే ఏమనుకోవాలి?"

ఎదురుగా కూర్చున్న ముసలమ్మ కూరల బుట్ట సర్దుకోవడం మానేసింది.

"నోరు జారకు ఒరతై."

"జారింది నా నోరేనా? మా అన్నయ్య చెయ్యి కాల్చుకుని కూర్చుంటే, నువ్వు వాడెవడికో గ్రహాలు ఎలా ఉన్నాయో చూసుకుంటున్నావా?"

బుప్ఫాకి జవాబు నాలుక చివరే ఉంది. చెప్పలేదు. చెబితే ఆ జవాబు బండిలో ఆగదు. ఇంటికి వెళుతుంది, వంటింట్లోకి వెళుతుంది, థవత్ ముందు నిలబడుతుంది. తనను నిర్దోషిని చేసే మాట అది ఒక్కటే. అదే అతని మీద పిడుగులా పడే మాట కూడా. ఆమె చేతిలోని కార్డు వైపు చూసింది. ఫోటోలో అత్తగారు నవ్వడం లేదు.

*

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒరతై చెప్పులు విడవకుండానే చెప్పేసింది. ఎనిమిది. మళ్లీ ఎనిమిది. బుధవారం రాత్రి. సందేశాలు ఆపించింది గానీ సంతకం పెట్టనంది. చెబుతున్నకొద్దీ ఆమెకు కన్నీళ్లు కూడా వచ్చాయి. అన్న మీద ప్రేమ ఆమెకు నిజంగానే ఉంది.

థవత్ బల్ల దగ్గర కూర్చుని అంతా విన్నాడు.

"ఎవరు బుప్ఫా?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎవరూ లేరండీ."

"మరి సంతకం?"

ఆమె ప్రానోమ్ వైపు చూసింది. నిజం తెలిసిన మనిషి ఆ గదిలో ఇంకొకరు ఉన్నారు. ఆ మనిషి ఒక్క మాట అంటే చాలు. ప్రానోమ్ కోడలి కళ్లలోకి చూసి, చూపు తిప్పుకుంది. వెళ్లి బట్టతో మూసిన గిన్నె తెచ్చింది. నల్లబియ్యం పాయసం, పక్కన నల్లటి ఆకు జెల్లీ. కొడుకు ముందు పెట్టింది.

"ముందు తిను నాయనా. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు."

"అమ్మా, ఇప్పుడు తిండేమిటి?"

"తిను. ఇంకో మాట తర్వాత."

బుప్ఫా గుమ్మం దాటింది. ఎన్నో రోజుల తర్వాత వంటింట్లో అడుగుపెట్టింది. ఎవరూ వద్దనలేదు.

"ఇవాళ ఏ వారం అత్తయ్యా?"

ప్రానోమ్ చెంచా తుడుస్తోంది.

"ఇవాళ ఏ వారం?"

"బుధవారం," అంది ఒరతై విసుగ్గా. "వారాలు కూడా మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. ప్రతి బుధవారం పొద్దు వాలే వేళకి ఈ ఇంట్లో నల్లవే వండుతారు. పూజగదిలో రాహువుకి నల్ల దీపాలు పెట్టి, ఆ తర్వాత తెచ్చి ఈయనకే పెడతారు. నాకు పెట్టరు. నువ్వుంటే నీకూ పెట్టరు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. అత్తయ్యా, ఎందుకు?"

చెంచా తుడుస్తున్న చెయ్యి ఆగింది.

పొయ్యిలో కొబ్బరిచిప్పల నిప్పు చిటపటమంది. థవత్ గిన్నెను కాస్త ముందుకు లాక్కుని, అందులోకి చూశాడు. చిన్నప్పటి నుంచీ తింటున్నదే. మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అమ్మకి తెలిసిన వంట అది," అంది ఒరతై. గొంతులో ధాటి లేదు. "దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"



అప్పుడు బుప్ఫా బల్ల మీద పెట్టిన ఫోన్ టింగుమంది.

ఒరతై చెయ్యి చాచింది. థవత్ కూడా చాచాడు. వాళ్లిద్దరికంటే ముందు ఇంకో చెయ్యి వచ్చింది. ఏళ్ల తరబడి నిప్పు దగ్గర నల్లబడిన చెయ్యి. అది ఫోన్ తీసుకుంది. వెతుక్కోకుండా, తడుముకోకుండా, బొటనవేలు సరైన మీట మీదికే వెళ్లింది. ఫోన్ వాడకం తనకి రాదని, ఆర్డర్లు చదవడానికే తంటాలు పడతానని కొట్టుకొచ్చే అందరితోనూ చెప్పుకునే ప్రానోమ్, రెప్ప వేయకుండా చదివింది.

చదువుతుండగా ఆమె పెదవులు కదిలాయి. గుడిలో ఏనుగూ కోతీ ఉన్న బుద్ధుడి ముందు కదిలినట్టే.

ఒరతై ఫోన్ వైపు చూసింది, తల్లి ముఖం వైపు చూసింది. మెల్లగా కుర్చీలో కూలబడింది.

"అమ్మా?"

ప్రానోమ్ వినలేదు. ఫోన్‌ను రొమ్ముకి అదుముకుని కొడుకు దగ్గరికి వచ్చింది. కట్టు కట్టిన అతని చెయ్యి మీద తన చెయ్యి వేసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కోడలి మీద కోపం గానీ, పట్టుబడ్డానన్న సిగ్గు గానీ అక్కడ లేవు. అంతకంటే పాతదేదో ఉంది.

"థవత్, నా మాట విను," అంది. "రేపు నిప్పు దగ్గరికి వెళ్లకు. నీళ్ల దగ్గరికి వెళ్లకు. రేపొక్కరోజు నీ గదిలోంచి కదలకు. ఎల్లుండి నుంచి చెప్పేవాళ్లు కూడా ఉండరు. దీన్ని ఆపించేసి వచ్చింది, నీ పెళ్లాం ఆపించేసి వచ్చింది..."

బయట నది హోరు వినిపిస్తోంది. పొద్దున ఇంతలా వినిపించలేదు.

థవత్ తల్లి చేతిని నెమ్మదిగా తన కట్టు మీద నుంచి తీశాడు. గిన్నెను దూరంగా జరిపాడు.

"నేనెందుకు కదలకూడదమ్మా?" అన్నాడు. "నేను శనివారం పుట్టినవాణ్ణి కదా?"